ఆ రాళ్ల గుట్టను కదపకండి: విక్టోరియా తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

గ్రేటర్ విక్టోరియాలో, సానిచ్ ద్వీపకల్పంలో, గల్ఫ్ దీవుల్లో ఇళ్లు కొనుక్కున్న, కట్టుకుంటున్న తెలుగు కుటుంబాలందరికీ,

నమస్కారం.

ఈ ఉత్తరం ఒక చిన్న పాము కోసం రాస్తున్నాను. ఇంగ్లీషులో దాన్ని షార్ప్‌టెయిల్డ్ స్నేక్ అంటారు. శాస్త్రీయ నామం కాంటియా టెన్యూయిస్. తోక చివర ముల్లులాంటి మొన ఉంటుంది కాబట్టి ఇక్కడ సూదితోక పాము అంటాను. కెనడా మొత్తంలో ఇది ఉండేది మన బ్రిటిష్ కొలంబియా (బి.సి.) ప్రావిన్స్‌లోనే. అందులోనూ ఎక్కువగా మనం ఉంటున్న ఈ చుట్టుపక్కలే: వాంకూవర్ దీవి ఆగ్నేయ కొస, గల్ఫ్ దీవుల్లో కొన్ని. వీటికి దూరంగా ప్రధాన భూభాగం మీద పెంబర్టన్ దగ్గర 2011లో ఇంకో చిన్న గుంపు బయటపడింది.

కెనడా ప్రభుత్వ లెక్కలో ఇది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవి. అయినా అలాంటి జీవుల్ని కాపాడే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ చట్టం మీ పెరట్లోకి రాదు. ఎందుకు రాదో కింద వివరంగా చెబుతాను. ముందు ఒక్క మాట: ఈ పాముకి మిగిలిన చోటులో చాలా భాగం ప్రైవేటు స్థలం. అంటే మీ స్థలం, నా స్థలం, మన పక్కింటివాళ్ల స్థలం. అందుకే ఒట్టావాలో ఉన్న మంత్రికి రాసేకంటే ముందు మీకు రాస్తున్నాను.

ఇది ఎలా ఉంటుందో చెబుతాను. పెన్సిలంత సన్నం. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు, అడుగు దాటేవి ఇక్కడ తక్కువ. వీపు ఎర్రమట్టి రంగులోనో బూడిద గోధుమ రంగులోనో ఉంటుంది, పిల్లలైతే రాగి రంగులో మెరుస్తాయి. ఇక్కడ రోజూ కనిపించే గార్టర్ పాములకి ఉన్నట్టు వీపు మీద పసుపు చారలు ఉండవు. పొట్ట వైపు మాత్రం నలుపు, తెలుపు అడ్డపట్టీలు. మట్టి తవ్వేటప్పుడు పార తగిలి తిరగబడితే, ఆ పట్టీలు చూడగానే మన ఊళ్లలో పెరిగినవాళ్లకి ముందు గుర్తొచ్చేది కట్లపాము. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రాత్రి పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లి పాము కరిచి పోయినవాళ్ల కుటుంబాలు మనకి తెలుసు. పామంటే కర్ర వెతుక్కోవడం అక్కడ బతుకు నేర్పిన జాగ్రత్త.

ఇక్కడి సంగతి వేరు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే విషపాము వాంకూవర్ దీవిలో ఒక్కటి కూడా లేదు. బి.సి.లో ఉన్న ర్యాటిల్ స్నేక్ లోపలి ఎండు లోయల్లో, ఓకనాగన్, థాంప్సన్ ప్రాంతాల్లో ఉంటుంది. మన సూదితోక పాముకి విషం లేదు, దాని నోరు మన వేలిని పట్టేంత కూడా ఉండదు. తోక మొనతో కుట్టదు. చేతిలోకి తీసుకుంటే ఆ మొనను చర్మానికి ఆనిస్తుంది, అంతే. కట్లపాముకి పట్టీలు వీపు మీద ఉంటాయి, దీనికి పొట్ట మీద ఉంటాయి. ఈ ఒక్క తేడా ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యలకి కూడా చెప్పండి. వేసవిలో ఇండియా నుంచి వచ్చి మొక్కల పని అంతా నెత్తిన వేసుకునేది వాళ్లే.

దీని తిండి స్లగ్‌లు. స్లగ్ అంటే మీకు పరిచయం చేయక్కర్లేదు. వాన పడ్డ రాత్రి మెంతికూర మడి మొత్తం గీకేసి, పొద్దున్నకి జిగురు చార మాత్రం మిగిల్చిపోయే పెంకులేని నత్త అది. అంత జారుడు జీవిని పట్టడానికి ఈ పాముకి తల సైజుతో పోలిస్తే చాలా పొడవైన పళ్లు ఉంటాయి. సన్నగా, గాలంలా వెనక్కి వంగి ఉంటాయి. ఒకసారి గుచ్చుకుంటే స్లగ్ ఎంత జిగురు విడిచినా ముందుకు జారలేదు. మన తోటల్లో నష్టం చేసే స్లగ్‌లలో చాలా రకాలు యూరప్ నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయినవి. ఈ పాము వాటినీ తింటుంది. అలాగని మీ తోటకూరను ఒక్క పాము కాపాడేస్తుందని చెప్పను. అంత చిన్న ప్రాణి తినేది ఎంత! కానీ స్లగ్‌లు తినే నేలబీటిల్స్, పక్షులు, గార్టర్ పాములు, ఈ పాము అన్నీ ఉన్న పెరడుకి, రోజూ మందు చల్లాల్సిన పెరడుకి తేడా నేను మా ఇంటి దగ్గరే చూస్తున్నాను.

స్లగ్‌లు తినే పాములు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి. మన దేశంలోనే ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో పారియస్ జాతి పాములు స్లగ్‌లు, నత్తలు తిని బతుకుతాయి. అమెరికా పశ్చిమ తీరంలోని అడవుల్లో మన పాముకి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. దానికి తోక ఇంకా పొడుగు. ఆ రెండూ వేరు వేరు జాతులని 2010లో గానీ తేల్చలేదు. 1852లో పేరు పెట్టిన పాము విషయంలో ఇంతకాలం పట్టిందంటే ఇవి ఎంతగా దాక్కుని బతుకుతాయో అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పాము ఎక్కడ బతుకుతుందో తెలిస్తే మనం ఏం పోగొడుతున్నామో తెలుస్తుంది.

ఈ పాముకి రెండు అవసరాలు ఉన్నాయి. అవి రెండూ ఒకచోట దొరకడం కష్టం. మొదటిది తడి. స్లగ్‌లు తడిలోనే తిరుగుతాయి, ఈ పాము కూడా చల్లగా, చెమ్మగా ఉన్నప్పుడే పైకి వస్తుంది. వసంతంలో ఎక్కువగా కనిపిస్తుంది, మళ్లీ శరదృతువు వానలు మొదలయ్యాక కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో నేల ఎండిపోగానే లోపలికి, రాళ్ల సందుల్లోకి దిగిపోతుంది. రెండోది వేడి. గార్టర్ పాములు పిల్లల్ని కంటాయి. తల్లి ఎండలో పడుకుని కడుపులోని పిల్లలకి వెచ్చదనం ఇవ్వగలదు. సూదితోక పాము గుడ్లు పెడుతుంది. వేసవి మొదట్లో పెట్టిన నాలుగైదు గుడ్లు చలి వచ్చేలోపు పొదగాలి. ఇంత ఉత్తరాన, ఇంత చల్లని చోట అది తేలిక కాదు. దక్షిణం వైపు వాలుగా ఉండి, రోజంతా ఎండ తగిలే రాతి నేల ఉండాలి. పగలు వేడెక్కిన రాయి రాత్రికి కూడా కాస్త వెచ్చదనం నిలుపుతుంది. గుడ్లకి అదే ఆధారం.

కాబట్టి డగ్లస్ ఫర్ అడవి మధ్యలో చెట్లు పల్చబడి, దక్షిణం వైపు బండ తేలి, బండ కింద రాళ్లు పగిలి పడి, పక్కనే ఆకుల చెత్త, కుళ్లిన దుంగలు ఉండే చోటు దీనికి ఇల్లు. గ్యారీ ఓక్, ఆర్బ్యూటస్ చెట్లు కనిపించే ఎండ వాలు అంటే మీకు బాగా అర్థమవుతుంది. ఎండవైపు గుడ్లు, నీడవైపు తిండి, రాళ్ల లోపల చలికాలం నిద్ర. ఇవన్నీ కొన్ని అడుగుల తేడాతో ఉండాలి, ఎందుకంటే ఈ పాము దూరం పోదు. గల్ఫ్ దీవుల్లో పరిశోధకులు వీటిని గుర్తుపెట్టి మళ్లీ మళ్లీ పట్టి చూశారు. ఎక్కువ పాములు కొన్ని పదుల మీటర్ల లోపే తిరుగుతున్నాయని తేలింది. మీ ఇంటి వెనకున్న వాలు పోతే అది రోడ్డు దాటి ఇంకో వాలు వెతుక్కుంటుందనుకోవడానికి లేదు. ఆ వాలే దానికి ప్రపంచం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నన్ను మనవాళ్లు చాలామంది అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. "కాలిఫోర్నియాలో, ఒరెగాన్‌లో ఇవి బోలెడు ఉన్నాయట కదా? ప్రపంచ జాబితాలో పెద్దగా ఆందోళన లేదనే రాశారు కదా? మరి ఇక్కడ ఇంత టెన్షన్ ఎందుకు?"

నిజమే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐ.యు.సి.ఎన్. తయారుచేసే రెడ్ లిస్ట్‌లో ఇది లీస్ట్ కన్సర్న్, అంటే పెద్దగా ఆందోళన లేని వర్గంలో ఉంది. ఆ వర్గీకరణ తప్పు కాదు, అది జాతి మొత్తాన్ని చూసి ఇచ్చినది. కెనడాలో జీవుల పరిస్థితిని అంచనా వేసే కొసెవిక్ అనే నిపుణుల సంఘం 1999లో ఈ దేశంలోని సూదితోక పాముని ఎన్‌డేంజర్డ్ అని ప్రకటించి, 2009లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. రెండూ ఒకేసారి నిజం. ఇక్కడి గుంపులు జాతికి ఉత్తరపు అంచు. మనకీ వాషింగ్టన్ రాష్ట్రానికీ మధ్య సముద్రం ఉంది. వాషింగ్టన్‌లో కూడా ఇవి అక్కడక్కడే ఉన్నాయి. ఇక్కడ ఒక గుంపు పోతే దక్షిణం నుంచి ఏ పామూ ఈదుకుంటూ వచ్చి ఆ చోటు నింపదు. పైగా ఇంత చలిలో గుడ్లు పొదిగించుకోవడం నేర్చుకున్నవి ఈ అంచు పాములే. వాతావరణం మారి జంతువుల ఉనికి ఉత్తరానికి జరుగుతున్న కాలంలో జాతికి ముందుగా దారి వేసేవి ఇలాంటి గుంపులేనని నా అభిప్రాయం. ఎక్కడో ఎక్కువ ఉన్నాయని ఇక్కడివి వదిలేస్తే, ప్రతి దేశమూ అదే మాట పక్క దేశం వైపు చూపించి చెప్పొచ్చు.

చట్టం సంగతికి వస్తాను. ఫెడరల్ ప్రభుత్వానికి స్పీషీస్ ఎట్ రిస్క్ యాక్ట్ ఉంది, 2002లో పార్లమెంటు చేసింది. అందులోని మొదటి షెడ్యూల్‌లో ఈ పాము ఉంది. కానీ నేల మీద బతికే ఇలాంటి జీవుల విషయంలో ఆ చట్టం నేరుగా వర్తించేది ఫెడరల్ భూముల్లోనే: నేషనల్ పార్కులు, సైన్యం స్థలాలు లాంటివి. ప్రైవేటు భూమి మీద అధికారం ప్రావిన్స్‌ది. ప్రావిన్స్ వైల్డ్‌లైఫ్ యాక్ట్ ప్రకారం ఈ పాముని చంపకూడదు, పట్టి ఇంట్లో పెట్టుకోకూడదు. మంచిదే. మరి అది బతికే రాళ్ల గుట్టను యంత్రం పెట్టి లేపేస్తే? దాన్ని ఆపే ప్రత్యేక చట్టం బి.సి.లో లేదు. ప్రమాదంలో ఉన్న జీవుల కోసం చట్టం తెస్తామని 2017లో ప్రావిన్స్ ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ చట్టం రాలేదు. మునిసిపాలిటీలు బైలాలతో కొంత చేయొచ్చు. కానీ సానిచ్ మునిసిపాలిటీలో పర్యావరణ పరంగా సున్నితమైన స్థలాల కోసం పెట్టిన డెవలప్‌మెంట్ పర్మిట్ నియమాన్ని ఇంటి యజమానుల వ్యతిరేకత తర్వాత 2018లో రద్దు చేశారు. యజమానుల ఆందోళన నాకు అర్థమవుతుంది. జీవితమంతా కూడబెట్టి, మోర్ట్‌గేజ్ మోస్తూ కొన్న స్థలం మీద ఎవరో గీత గీస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అయినా నియమం తీసేశాక ఆ బాధ్యత మాయమైపోలేదు. అది యజమానుల మీదకే వచ్చి పడింది.

ఈ తీరంలోని డగ్లస్ ఫర్ అడవి ప్రాంతంలో సుమారు 80 శాతం ప్రైవేటు చేతుల్లో ఉంది. గ్యారీ ఓక్ నేలల్లో సహజంగా మిగిలింది 5 శాతం లోపే. అవి ముందుగా పోవడానికి కారణం మనకి తెలిసినదే. ఎండ బాగా పడి, సముద్రం కనపడే రాతి వాలు అంటే ఇల్లు కొనేవాళ్లందరికీ ఇష్టం. పాముకి కావలసినదీ మనకి కావలసినదీ ఒకే స్థలం. విక్టోరియా పక్కనే ఉన్న ల్యాంగ్‌ఫోర్డ్ జనాభా 2016, 2021 జనగణనల మధ్య 30 శాతానికి పైగా పెరిగింది. అక్కడ ఉండేవాళ్లకి బ్లాస్టింగ్ సైరన్ కొత్త కాదు. బండను పేల్చి, చదును చేసి, మట్టి తెచ్చి పోసి, దాని మీద లాన్ పరుస్తారు. ఆ తర్వాత ఎన్ని మొక్కలు నాటినా పగుళ్లున్న ఆ రాయిని తిరిగి తేలేం. చెట్టుకి బదులు చెట్టు నాటొచ్చు. చలికాలం పాము దిగే రాతి లోతుకి బదులు లేదు.

ఇళ్లు కట్టొద్దని నేను అనడం లేదు. అద్దెలు చూసి, పిల్లల్ని ఎక్కడ పెంచాలో తెలియక నలిగిన కుటుంబాలు మనవే. 2023లో ప్రావిన్స్ చేసిన చట్టం వల్ల ఒక్క ఇల్లే ఉండే మామూలు ప్లాట్లలో మూడు, నాలుగు ఇళ్ల వరకు కట్టుకునే వీలు వచ్చింది. నాకు అది నచ్చింది. ఎప్పుడో చదును చేసిన నేల మీద, బస్సు తిరిగే వీధిలో నాలుగు కుటుంబాలు ఉండటం, కొత్త గుట్ట పేల్చి ఒక పెద్ద ఇల్లు కట్టడం కంటే అన్ని విధాలా మేలు. కొత్తగా ఇల్లు చూస్తున్నవాళ్లు ఈ మాట కూడా లెక్కలోకి తీసుకోమని నా మనవి.

ఇప్పటికే స్థలం ఉన్నవాళ్లు చేయగలిగేవి చెబుతాను. వీటిలో చాలావరకు పని పెంచేవి కావు, తగ్గించేవే. పెరట్లో దక్షిణం వైపు ఎండ పడే రాళ్ల గుట్ట ఉంటే దాన్ని ఉన్నట్టే వదిలేయండి. మట్టి జారకుండా ఆపే గోడ (రిటైనింగ్ వాల్) కట్టాలంటే సిమెంటుతో సందులు మూసేయకుండా పొడి రాతితో పేర్చిన గోడ కట్టొచ్చేమో కాంట్రాక్టర్‌ని అడగండి. కుళ్లిన దుంగ అందంగా లేదని చెత్తలో వేయొద్దు, ఒక మూలకి జరిపితే చాలు. రాయి ఎత్తి చూస్తే, ఎత్తినది ఎత్తినట్టే నెమ్మదిగా దించండి. స్లగ్ మందుల్లో మెటాల్డిహైడ్ ఉన్నది కొనకండి, అది కుక్కలకి కూడా ప్రాణాంతకం. రాత్రి టార్చిలైట్ పట్టుకుని స్లగ్‌లు ఏరేయడం, పలకలు పెట్టి పొద్దున్నే వాటి కింద చేరినవి తీసేయడం మా ఇంట్లో పనిచేసిన పద్ధతి. నేల మీద పరిచే ప్లాస్టిక్ వల వాడొద్దు. పాములు అందులో ఇరుక్కుని బయటికి రాలేక చస్తాయి. పిల్లిని వసంతంలోనైనా ఇంట్లోనే ఉంచండి. ఇంత సన్నటి పాము పిల్లికి ఆటవస్తువు అవుతుంది.

గల్ఫ్ దీవుల్లో స్థలం ఉన్నవాళ్లకి ఇంకో అవకాశం ఉంది, మనవాళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆ దీవుల్లో భూమి వాడకాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఐలాండ్స్ ట్రస్ట్ పరిధిలో మీ స్థలంలో కొంత భాగాన్ని సహజంగా ఉంచుతామని చట్టబద్ధమైన ఒప్పందం రాస్తే, ఆ భాగం మీద ఆస్తిపన్ను 65 శాతం తగ్గుతుంది. స్థలం మీదే, అమ్ముకునే హక్కూ మీదే. ఒప్పందం మాత్రం స్థలంతో పాటు కొత్త యజమానికి వెళ్తుంది. లాయర్‌తో మాట్లాడి నిదానంగా నిర్ణయించుకోవాల్సిన విషయం ఇది.

ఇక, ఈ పాము మీ పెరట్లో ఉందో లేదో తెలుసుకోవడం. ఇంటి పైకప్పుకి వేసే తారు షింగిల్ ముక్కల్ని ఎండ తగిలే వాలు మీద పరిచి, నెలలు గడిచాక వసంతంలో ఎత్తి చూస్తారు. వెచ్చగా, చెమ్మగా ఉండే ఆ ముక్కల కిందికి పాములు చేరతాయి. బి.సి.లో ఈ పాము ఉనికి గురించి తెలిసినదాంట్లో మంచి భాగం ఈ పద్ధతి వల్లే తెలిసింది. విక్టోరియాలో 1996 నుంచి పనిచేస్తున్న ప్రకృతి సంరక్షణ సంస్థ హ్యాబిటాట్ అక్విజిషన్ ట్రస్ట్ ఇంటి యజమానులతో కలిసి ఇలాంటి పని చేస్తోంది. పాము దొరికితే స్థలం లాక్కుంటారని కొందరు భయపడతారు. పాము కనిపించిందని చెప్పినంత మాత్రాన ఎవరి ఇల్లూ పోదు. మీ స్థలంలో ఏది కదపకూడదో తెలిసినవాళ్లు వచ్చి చెప్పడం వల్ల లాభమే ఉంది.

అనుకోకుండా కనిపిస్తే పట్టుకోవద్దు. వీపు కనిపించేలా ఒక ఫొటో, వీలైతే పక్కన పెన్సిలో నాణెమో పెట్టి ఇంకో ఫొటో తీయండి. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే, అది ప్రమాదంలో ఉన్న జీవుల కచ్చితమైన చోటు అందరికీ కనపడకుండా దాచేస్తుంది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం చిరునామాతో పెట్టొద్దు. పిల్లలకి చూపించండి. చచ్చిన పాము దొరికినా ఫొటో తీసి పంపండి, అది కూడా విలువైన సమాచారమే.

కౌన్సిల్ విచారణలకు మనవాళ్లు వెళ్లడం తక్కువ. మన వీధి పక్క వాలు మీద కొత్త లేఅవుట్ వస్తుందని నోటీసు వస్తే, బ్లాస్టింగ్‌కి ముందు బయాలజిస్టుతో పాముల సర్వే చేయించారా అని ఒక్క ప్రశ్న రాసి పంపండి. వసంతంలో చేశారా, వేసవిలో చేశారా అని కూడా అడగండి. ఆగస్టులో వెతికితే ఉన్న పాము కూడా కనిపించదు. ప్రావిన్స్ చట్టం ఏమైందని మీ ఎమ్మెల్యేని అడగండి. ఓటు హక్కు వచ్చినవాళ్లు మనలో పెరిగారు, ఈ ప్రశ్న తెలుగువాళ్ల ఇళ్ల నుంచి కూడా వెళ్లాలి.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకి ఒక మనవి. దీపావళి అయ్యాక వచ్చే నాగుల చవితికి మన ఆడవాళ్లు ఇక్కడ వెండి పడగకో పసుపు ముద్దకో పాలు పోసి పూజ చేసుకుంటున్నారు. ఆ రోజున ఈ పాము ఫొటో కూడా పిల్లలకి చూపిస్తే బాగుంటుంది. అంతకంటే ముఖ్యంగా ఉగాది వేడుకలో ఒక పది నిమిషాలు ఇవ్వండి. పాములు బయటికి వచ్చే కాలమూ, తోటపని మొదలయ్యే కాలమూ అదే. ఫొటోలు, షింగిల్ ముక్కలు నేను తెస్తాను. తమ పెరట్లో సర్వే చేయించుకోవాలనుకునేవాళ్లు అక్కడే పేరు రాసి ఇస్తే, ముక్కలు పరచడానికి మీ ఇంటికి నేనే వస్తాను.

ఇట్లు,
సానిచ్‌లో మీ పొరుగున ఉండే ఒక తెలుగు ఇల్లాలు